పిల్లల క్వయర్ ప్రదర్శన కోసం ఇంటిల్లిపాదీ వారాంతపు ప్రయాణం: రిపోర్టింగ్ టైమ్ నుంచి వెనక్కి లెక్కేసుకునే పద్ధతి

పాపకో బాబుకో క్వయర్‌లో, అంటే అందరూ కలిసి పాడే గాన బృందంలో, చోటు దొరికింది. ప్రదర్శన వేరే ఊళ్లో, శనివారం సాయంత్రం. అమ్మమ్మ, తాతయ్య, చిన్నపిల్లలు అందరూ వస్తామంటున్నారు. "ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ దిగాలి, పెద్దవాళ్లను హాల్లో ఎలా కూర్చోబెట్టాలి" అని చాలామంది అడుగుతున్నారు. నేను ఇలాంటి ప్రయాణాలు నాలుగైదు చేశాను. మొదటిది పూర్తిగా చెడగొట్టాను. అక్కడ నేర్చుకున్నదే ఇక్కడ వరసగా చెబుతున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక మాట. ఇది ఊళ్లు చూసే ప్రయాణం కాదు. శనివారం ఉదయం ఖాళీగా ఉండాలి, చూడాల్సినవన్నీ ఆదివారానికి నెట్టేయాలి. ఈ ఒక్కదానికి ఇంట్లో అందర్నీ ఒప్పించగలిగితే సగం టెన్షన్ తగ్గినట్టే.

## 1. మూడు వారాల ముందు: టీచర్ని అడిగి రాసుకోవాల్సినవి

ఆహ్వానపత్రికలో వేసేది కార్యక్రమం మొదలయ్యే సమయం. మీకు కావలసింది పిల్లలు అక్కడ హాజరవ్వాల్సిన సమయం, అంటే రిపోర్టింగ్ టైమ్. ఈ రెంటికీ మధ్య రెండు మూడు గంటల తేడా ఉండొచ్చు, ఎందుకంటే స్టేజీ మీద నిలబడే వరసలు సరిచూసుకోవాలి, సౌండ్ చెక్ చేయాలి, గొంతు సవరించుకోవాలి.

- రిపోర్టింగ్ టైమ్ ఎంత? ఏ గేటు దగ్గర అప్పగించాలి?
- మన పిల్లల పాటలు కార్యక్రమంలో ఎన్నోవి? ఎంతసేపు?
- చివర్లో అందరూ కలిసి పాడే పాట ఉందా? ఉంటే పిల్లల్ని అప్పటిదాకా వదలరు.
- టికెట్లు ఎన్ని ఇస్తారు? సీట్లకు నంబర్లున్నాయా, ముందొచ్చినవాళ్లకు ముందా?
- మెట్లు ఎక్కకుండా లోపలికి వెళ్లే దారి ఉందా? చక్రాల కుర్చీకి చోటుందా?
- వీడియో తీయనిస్తారా?
- మన పిల్లలు స్టేజీకి ఏ వైపు నిలబడతారు?
- కార్యక్రమం అయ్యాక పిల్లల్ని ఎక్కడ, ఎవరికి అప్పగిస్తారు?

చాలామంది అడగడం మరిచిపోయేది ఏ వైపు నిలబడతారన్నదే. మొదటిసారి మేం ఎడమవైపు కూర్చున్నాం. మా పాప కూడా ఎడమవైపే, రెండో వరసలో, పొడుగ్గా ఉన్న ఇంకో పిల్ల వెనకాల. పాట మొత్తానికి మాకు కనపడింది తన చెవి ఒక్కటే.

## 2. వెనక్కి లెక్కేయండి

ఒక ఉదాహరణ చూద్దాం. కార్యక్రమం 6 గంటలకు, రిపోర్టింగ్ 3:30కి అనుకుందాం.

- 3:10: హాలు చేరాలి. ఇరవై నిమిషాలు చేతిలో ఉండాలి.
- 2:25: బండి కదలాలి. మ్యాప్ 30 నిమిషాలంటే 45 వేసుకోండి. మ్యాప్‌ని శనివారం మధ్యాహ్నం అదే వేళకు పెట్టి చూడాలి, మంగళవారం రాత్రి కూర్చుని కాదు.
- 2:05: గదిలోంచి బయటపడాలి.
- 1:35: బట్టలు వేసుకోవడం, జుట్టు దువ్వుకోవడం.
- 12:50: ముప్పావు గంట పడక. నిద్ర పట్టకపోయినా నోరు మూసుకుని పడుకుంటే చాలు.
- 12:00: తేలికపాటి భోజనం.

ఇక ఇందులో అసలు కిటుకు. ఇంటిల్లిపాదీ ఒకేసారి బయల్దేరకండి. పిల్లతో పాటు 3:10కే వెళ్తే పెద్దవాళ్లు హాల్లో దాదాపు మూడు గంటలు ఊరికే కూర్చోవాలి, ఆ తర్వాత కార్యక్రమం ఇంకో రెండు గంటలు. పాట వచ్చేసరికి తాతయ్య నడుము పట్టేస్తుంది, తమ్ముడు కుర్చీల కింద పాకుతుంటాడు.

రెండు జట్లు చేయండి. మొదటి జట్టులో పాడే పిల్ల, తోడు ఒక్క పెద్ద. రెండో జట్టులో మిగతావాళ్లు. వీళ్లు 5:15 కల్లా హాలు చేరితే చాలు. సీట్లకు నంబర్లు లేకపోతే మొదటి జట్టులోని పెద్దమనిషి తలుపులు తెరవగానే సీట్లు పట్టుకుంటారు. బండి ఒక్కటే ఉంటే రెండు ట్రిప్పులు వేయాలి, లేదా ఒక జట్టుకు టాక్సీ మాట్లాడాలి. ఆ ఖర్చు వృథా అని మా ఇంట్లో చాలా వాదన జరిగింది. ఇప్పుడు ఎవరూ మాట్లాడరు.

## 3. బస

చూడదగ్గ చోట్ల దగ్గర కాకుండా హాలు దగ్గర తీసుకోండి. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పది నిమిషాల్లో గదికి చేరవచ్చు.

- గదులన్నీ ఒకే అంతస్తులో ఉండాలి. లిఫ్ట్ ఉందా అన్నదే కాదు, లిఫ్ట్ దాకా మెట్లున్నాయా అన్నదీ అడగండి.
- స్నానాల గదిలో పట్టుకోవడానికి ఏదైనా ఉందా? నేల జారుతుందా?
- రాత్రి లేచినప్పుడు దారి కనపడేలా చిన్న లైటు మీరే పట్టుకెళ్లండి. కొత్త గదిలో రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు పెద్దవాళ్లు పడిపోయే ప్రమాదం ఉంటుంది.
- గురక పెట్టేవాళ్ల గదిలో పాడే పిల్లను పడుకోబెట్టకండి.

6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. శుక్రవారం రాత్రి అందరూ ఒకచోట చేరేసరికి కబుర్లు పన్నెండు దాకా సాగుతాయి. సాగనివ్వండి, కానీ వేరే గదిలో.

## 4. గొంతు: రెండు రోజుల ముందు నుంచి

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. అదీ ప్రేమతోనే జరుగుతాయి.

నీళ్లు. స్టేజీ ఎక్కే ముందు సీసాడు నీళ్లు తాగిస్తే గొంతు తడుస్తుందనుకుంటాం. మింగిన నీళ్లు స్వరతంత్రుల (గొంతులో కంపించి శబ్దం పుట్టించే పొరల) మీదుగా పోవు, అన్నవాహికలోకి పోతాయి. ఒంట్లో నీరు సరిపడా ఉంటేనే స్వరతంత్రుల మీద తడి పొర బాగుంటుంది, దానికి గంటలు పడుతుంది. కాబట్టి శుక్రవారం ఉదయం నుంచే గుక్కెడు గుక్కెడుగా తాగించండి. చివరి అరగంటలో రెండు గుక్కలు చాలు. ఎక్కువ తాగితే పాట మధ్యలో బాత్రూమ్ గుర్తొస్తుంది.

కారులో అరుపులు. చుట్టూ చప్పుడు పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. దీన్ని లాంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. ఎటియెన్ లాంబార్డ్ అనే ఫ్రెంచ్ వైద్యుడు 1911లో దీని గురించి రాశారు. కిటికీలు దించి, పాటలు పెట్టి, నలుగురు పిల్లలు కబుర్లాడుతూ మూడు గంటలు ప్రయాణిస్తే దిగేసరికి గొంతు బొంగురుపోతుంది. "వద్దు, అరవకు" అంటే పని జరగదు. కిటికీలు మూయండి, పాటలు ఆపండి. చప్పుడు తగ్గితే గొంతులు వాటంతటవే తగ్గుతాయి.

ఇంకో సంగతి: వినికిడి తక్కువగా ఉన్న తాతయ్యను ముందు సీట్లో, పాపను వెనక సీట్లో కూర్చోబెడితే ప్రతి మాటా రెండుసార్లు అరిచి చెప్పాల్సిందే. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టండి.

"ఏదీ, ఒక్కసారి పాడమ్మా." శనివారం ఉదయం ఇది తప్పకుండా వస్తుంది. అమ్మమ్మ అడుగుతుంది, పాప పాడుతుంది, బాబాయి స్నానం చేసొచ్చి "అయ్యో నేను వినలేదే" అంటాడు. మధ్యాహ్నానికి మూడు కచేరీలు అయిపోతాయి. దీనికి మందు ముందే చెప్పి ఉంచడం: "ఇవాళ హాల్లో వినండి, రేపు తిరుగు ప్రయాణంలో ఎన్నిసార్లయినా పాడించుకోండి." ఈ మాట పాప నోట చెప్పించకండి. మీరే చెప్పండి.

మరికొన్ని:

- గొంతు గరగరమంటే ఖంఖం అని సవరించుకోవద్దు. ఒక గుక్క నీళ్లు తాగి మింగాలి.
- గొంతుకు విశ్రాంతి అని గుసగుసలాడించకండి. చాలామందికి గుసగుస ఇంకా శ్రమ. మెల్లగా, మామూలు గొంతుతో మాట్లాడనివ్వండి.
- గొంతును తిమ్మిరెక్కించే చప్పరించే బిళ్లలు వేయకండి. నొప్పి తెలియక ఇంకా గట్టిగా పాడేస్తారు.
- ఏసీ రాత్రంతా ముఖం మీదికి కొట్టకుండా చూడండి.
- నిజంగా జ్వరమో గొంతునొప్పో ఉంటే దాచకుండా టీచర్‌కి చెప్పండి. పక్కనున్న ముప్పై మంది పిల్లల సంగతి కూడా చూడాలి.

నిలబడే పద్ధతి. క్వయర్ పిల్లలు మెట్లమెట్లుగా ఉండే చెక్క బల్లల మీద చాలాసేపు కదలకుండా నిలబడాలి. మోకాళ్లు బిగించి నిలబడితే కాళ్లలోకి దిగిన రక్తం సరిగా పైకి రాదు, పైన లైట్ల వేడి, కళ్లు తిరుగుతాయి. ఇంట్లో రెండుసార్లు చేయించండి: మోకాళ్లు కాస్త వదులుగా ఉంచడం, బూట్ల లోపల కాలివేళ్లు ఆడించడం. ఖాళీ కడుపుతో పంపకండి. కళ్లు తిరుగుతున్నట్టుంటే అక్కడే, ఉన్నచోటే కూర్చుండిపోవాలని చెప్పండి. పాట పాడవుతుందేమోనని బిగపట్టుకుని నిలబడే పిల్లలే పడిపోతారు.

## 5. పెద్దవాళ్ల కోసం

మందులు చేతిసంచిలోనే ఉండాలి, డిక్కీలో పెట్టే పెట్టెలో కాదు. రెండు రోజుల ప్రయాణానికి నాలుగు రోజుల మందులు పెట్టుకోండి. మందుల చీటీని ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి. సాయంత్రం వేసుకునే మాత్ర కార్యక్రమం మధ్యలో పడుతుందేమో ముందే చూసుకోండి.

దారిలో గంటా రెండు గంటలకోసారి ఆపి నాలుగడుగులు వేయించండి. కదలకుండా కూర్చుంటే కాళ్లు వాస్తాయి. రక్తం గడ్డకట్టే ప్రమాదమూ పెద్దవాళ్లకు ఎక్కువ. బాత్రూమ్ కోసం ఆపమనడానికి మొహమాటపడి నీళ్లు తాగడం మానేసేవాళ్లుంటారు. "మీకు ఆపాలా" అని అడగకండి. "నాకు కాళ్లు పట్టేశాయి, ఆపుతున్నా" అనండి.

వినికిడి యంత్రం ఉంటే ఈ మూడూ చూసుకోండి:

- కొత్త బ్యాటరీల కట్ట. చిన్న బొత్తాల్లాంటి జింక్-ఎయిర్ బ్యాటరీలకు స్టిక్కర్ తీసిన క్షణం నుంచే ఆయువు మొదలవుతుంది, కాబట్టి ముందే తీసి పెట్టకండి. మార్చేటప్పుడు మాత్రం స్టిక్కర్ తీశాక ఒకట్రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టాలి. ఛార్జింగ్ రకమైతే దాని డబ్బా మరవకండి.
- మ్యూజిక్ సెట్టింగ్. ఈ యంత్రాలను మాటలు వినడానికి తగ్గట్టు అమర్చి ఉంచుతారు. అదే సెట్టింగులో నలభై గొంతులు కలిసి పాడితే రేకుడబ్బా మోగినట్టు ఉంటుంది. సంగీతానికి వేరే ప్రోగ్రాం ఉందేమో వారం ముందే ఆడియాలజిస్టును (వినికిడి నిపుణుణ్ని) అడగండి.
- కొన్ని హాళ్లలో చెవి బొమ్మ, పక్కన ‘టీ’ అక్షరం ఉన్న బోర్డు ఉంటుంది. అంటే అక్కడ హియరింగ్ లూప్ ఉంది, అది హాలు మైకు శబ్దాన్ని తీగ లేకుండా వినికిడి యంత్రాలకు పంపే ఏర్పాటు. టెలికాయిల్ (ఆ శబ్దాన్ని అందుకునే చిన్న తీగచుట్ట) ఉన్న యంత్రాన్ని ఆ సెట్టింగుకు మారిస్తే మైకులోని శబ్దం నేరుగా చెవిలోకి వస్తుంది.

లైట్లు ఆర్పకముందే వాళ్లను సీట్లలో కూర్చోబెట్టాలి. వయసు పెరిగేకొద్దీ కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఎక్కువ సేపు పడుతుంది, హాలు మెట్లేమో ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉంటాయి. నడవా పక్క సీటు, బాల్కనీ వద్దు, ఒక శాలువా. మొదలవడానికి ఇరవై నిమిషాల ముందు బాత్రూమ్.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది: పెద్దవాళ్లకు ఏదో ఒక పని అప్పగించండి. టికెట్లు ఒకరి దగ్గర, నీళ్ల సీసాల లెక్క ఇంకొకరి దగ్గర. పని లేకపోతే "మా వల్ల మీకు ఇబ్బంది" అన్న మాట శుక్రవారం రాత్రికే మొదలవుతుంది.

## 6. స్టేజీ సంచి

పాడే పిల్ల సామాన్లకు వేరే సంచి ఉండాలి. అది ఎప్పుడూ ఒకే మనిషి చేతిలో ఉండాలి.

- యూనిఫాం, లోపలి బట్టలు
- బూట్లు, సాక్సులు రెండు జతలు
- పాటల ఫోల్డర్
- పిన్నీసులు, జుట్టు క్లిప్పులు, దువ్వెన
- నీళ్ల సీసా, మరకలు పడని తినుబండారం
- కడుపులో తిప్పే అలవాటుంటే కవర్లు, ఒక మారు జత
- పేరు, మన ఫోన్ నంబరు రాసిన చీటీ

వారం ముందు అన్నీ వేయించి చూడండి. పిల్లలు ఈలోపు పెరిగిపోయి ఉంటారు. కొత్త బూట్లయితే ఇంట్లో అరగంట తొడిగి నడిపించండి. కరుస్తున్నాయా, చెక్క మీద టకటకమంటున్నాయా తెలుస్తుంది.

మేం మొదటిసారి అన్నీ సర్దాం, నల్ల సాక్సులు తప్ప. ఆ సంగతి రిపోర్టింగ్‌కి పది నిమిషాల ముందు తెలిసింది. పాప కాళ్లకు తెల్ల సాక్సులు, కళ్లనిండా నీళ్లు. మా మామగారు ఏమీ అనలేదు. గేటు పక్క అరుగు మీద కూర్చుని తన బూట్లు విప్పి, సాక్సులు తీసి దులిపి ఇచ్చారు. మడమ భాగం పాప పిక్క దాకా వచ్చింది. వేళ్ల దగ్గర మడిచి, పైన రెండు పిన్నీసులు పెట్టాం. ఆయన ఉత్త కాళ్లతో బూట్లు తొడుక్కుని రెండు గంటలు కార్యక్రమం చూశారు, మర్నాడు మడమకు బొబ్బ. రెండు జతలు అని పైన రాసింది అందుకే.

## 7. హాల్లో

చిన్నపిల్లలతో ఉన్నవాళ్లు తలుపు దగ్గర కూర్చోండి. పాట మధ్యలో ఏడుపు మొదలైతే బయటికి నడవాలి, సముదాయిస్తూ అక్కడే కూర్చోకూడదు. మన పాటకు పది నిమిషాల ముందు మళ్లీ లోపలికి వస్తే చాలు.

వీడియో. అనుమతి ఉంటేనే, ఒక్కరే తీయాలి. ఆరుగురు ఫోన్లు ఎత్తితే వెనకవాళ్లకు స్టేజీ కనపడదు, మనకూ పాట మిగలదు.

- ఫోన్‌లో చోటు ఖాళీ చేయండి. వీడియో నాణ్యత 4కె వద్దు, 1080పి చాలు.
- ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే సరిగ్గా అప్పుడే ఎవరో ఫోన్ చేస్తారు.
- ఫోన్ అడ్డంగా పట్టుకోండి. మోచేతులు ఒంటికి ఆనించండి.
- స్టేజీ లైట్ల వెలుగుకు ముఖాలు తెల్లగా వెలిసిపోతాయి. తెర మీద ముఖాల దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు అక్కడే ఆగుతాయి. తర్వాత వేలితో వెలుతురు కాస్త తగ్గించండి.
- ఫ్లాష్ వద్దు.
- వీడియోలో వేరే పిల్లలూ ఉంటారు. వాళ్ల తల్లిదండ్రులను అడగకుండా అందరికీ కనపడేలా పెట్టకండి.

చప్పట్లు. కండక్టర్ (ముందు నిలబడి చేతులతో పాట నడిపించే మనిషి) చేతులు పూర్తిగా కిందికి దించాకే. పాటతో పాటు తాళం వేయాలనిపించినా ఆగండి. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 34 మీటర్ల వెనక కూర్చున్నవాళ్లకు పాట సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది, వాళ్ల చప్పట్లు స్టేజీకి చేరడానికి మరో పదో వంతు. పిల్లలు ఆ చప్పట్లను పట్టుకున్నారంటే లయ జారిపోతుంది.

చేతులు ఊపడం, పేరు పెట్టి పిలవడం కూడా వద్దు. పిల్ల చూపు కండక్టర్ మీద ఉండాలి. "మేం ఫలానా వైపు కూర్చుంటాం, నువ్వు మమ్మల్ని వెతకక్కర్లేదు" అని ముందే చెప్పండి. మా అమ్మ ఈ మాట విని కూడా చెయ్యి ఊపింది. ఏం చేస్తాం.

## 8. అయ్యాక, ఆదివారం

తలుపు దగ్గర ఒక్కసారిగా జనం తోసుకొస్తారు. ఒకరు వెళ్లి పిల్లను తెచ్చుకోండి. మిగతావాళ్లు జనం పలచబడేదాకా సీట్లలోనే ఉండండి. బండి తలుపు దగ్గరికే రావాలి.

స్టేజీ దిగిన పిల్లకు మొదట కావలసింది తిండి, తర్వాత మెచ్చుకోలు. రెండో పాటలో ఎత్తుకోవడం ఆలస్యమైందని తనకూ తెలుసు. ఆ రాత్రి ఆ ఊసెత్తకండి.

ఆదివారం ఒక్క చోటు చాలు. కూర్చోవడానికి బెంచీలు, దగ్గర్లో బాత్రూమ్, నీడ ఉన్న చోటు చూసుకోండి. ఎక్కువ నడక ఉంటే తాతయ్య, ఇంకొకరు గదిలోనే ఉండిపోవచ్చు. అందరూ అన్నీ చూడాలన్న నియమం పెట్టుకోకండి. చీకటి పడకముందే ఇల్లు చేరేలా తిరుగు ప్రయాణం మొదలుపెట్టండి. సోమవారం బడి ఉంది.

## 9. తేడా కొడితే

- బండి చెడిపోతే: అదే క్వయర్‌లోని ఇంకో కుటుంబంతో ముందే మాట్లాడుకోండి. ఒకరి పిల్లను ఇంకొకరు తీసుకెళ్లేలా. టీచర్‌కి కూడా ఆ పేరు చెప్పి ఉంచండి, లేకపోతే గేటు దగ్గర అప్పగించరు.
- ఆలస్యమైతే: దారిలోంచే టీచర్‌కి మెసేజ్ పెట్టండి. నంబరు ఇద్దరి దగ్గర ఉండాలి.
- పెద్దవాళ్లకు ఒంట్లో బాగోకపోతే: ఎవరు ఆగాలి, ఎవరు హాలుకెళ్లాలి అన్నది శుక్రవారం రాత్రే పేర్లతో సహా తేల్చుకోండి. ఆ క్షణంలో తేల్చుకుందామంటే ఇద్దరూ ఆగుతామంటారు, లేదా ఆ పెద్దాయనే "నాకేం లేదు, పదండి" అని లేచి నిలబడతారు.
- పిల్ల గొంతు పూర్తిగా పోతే: టీచర్ ఒప్పుకుంటే వరసలో నిలబడి పెదాలు కదిపితే సరిపోతుంది. కాదంటే మీ పక్కన కూర్చుని స్నేహితుల పాట వింటుంది. ప్రయాణం మానుకోవద్దు, తాతయ్యకు టికెట్ల పని ఇచ్చేశారు కదా.
- స్టేజీ ఎక్కనని మొండికేస్తే: బతిమాలకండి, తిట్టకండి. టీచర్‌కి అప్పగించి మీరు కనపడకుండా తప్పుకోండి. మనం పక్కన ఉన్నంతసేపే ఆ ఏడుపు.